మీటరు డబ్బా మూత వెనక నంబరు

నాంపల్లి స్టేషను దాటి ఆబిడ్స్ వైపు నడిచే దారిలో, పొద్దున ఏడు కాకముందే కూలీల అడ్డా నిండిపోయేది. మేస్త్రీలు ఒక పక్క, తవ్వకం పనివాళ్లు ఒక పక్క, రంగులేసేవాళ్లు ఇంకో పక్క. ఎవరిది ఏ పనో అడగక్కర్లేదు, ముందు పెట్టుకున్న సామానే చెబుతుంది. రంగులవాడు ఖాళీ డబ్బాలో కుంచెను నిలబెట్టుకుని కూర్చుంటే పనికి సిద్ధమని అర్థం. బేరం కుదిరితే కుంచెను పడుకోబెడతాడు. పని ఇచ్చేవాళ్లు నిలబడ్డ కుంచెల దగ్గరికే వస్తారు. వచ్చినవాళ్లు కుంచెను చూస్తారా అంటే చూడరు. మనిషి భుజాలు చూస్తారు, పిక్కలు చూస్తారు. అంగట్లో ఎద్దుకు చూసినట్టు నోరు తెరిచి పళ్లు చూడటం ఒక్కటే తక్కువ.

ఆ అడ్డాలో భూమయ్య పన్నెండేళ్లు కూర్చున్నాడు. మెదక్ దగ్గర పల్లె అతనిది. తొంభై ఒకటిలో భార్య కొండమ్మను వెంటబెట్టుకుని వచ్చి, స్టేషను వెనక ఒక గది కిరాయికి తీసుకున్నాడు. పనిమంతుడే, సందేహం లేదు. కానీ ఒక జబ్బు ఉండేది. దేన్ని చూసినా దాని వెనక ఏముందో తెలుసుకోకపోతే అన్నం సహించదు. పాత రంగు గీకమంటే గీకడు, చదువుతాడు. పచ్చ కింద నీలం, నీలం కింద పసుపు, దాని కింద ఇంకేదో.

"గీ గదిల ముందుగాల ఆడపిల్ల ఉండె గదా సారూ? అడుగున గులాబి రంగు ఎల్తున్నది" అంటాడు.

"గీకమన్నానయ్యా, మా ఇంటి చరిత్ర చెప్పమనలేదు" అంటారు ఇంటివాళ్లు. అయినా ఆ మధ్యాహ్నం టీ ఇస్తూ, ఆ గులాబి రంగు కథ వాళ్లే చెప్పేస్తారు.

అతని పని నచ్చినవాళ్లు మళ్లీ దసరాకు అతన్నే వెతుక్కుంటూ అడ్డాకు వచ్చేవారు. చిక్కంతా అక్కడే. భూమయ్య ఆ రోజు వేరే పనిలో ఉంటే పక్కవాళ్లు ఊరుకుంటారా? "భూమయ్యనా? ఊరికి పోయిండు సారూ, నేనొస్త పాండ్రి" అనేవాళ్లు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం అడ్డాలో తప్పేమీ కాదు. కొందరు ఇంకో అడుగు ముందుకు వేసి అతన్ని చంపేసేవాళ్లు కూడా. గన్‌ఫౌండ్రీలో సొంతిల్లున్న వామన్‌రావు, బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి, ఒకనాడు భూమయ్యను రోడ్డు మీద చూసి బిత్తరపోయాడు.

"నువ్వు పోయావని చెప్పారు కదయ్యా మీవాళ్లు! పోయిన వారం నీ గురించి మా ఆవిడ జానకమ్మ బాధపడింది కూడాను."

"గిది మూడోసారి సారూ" అన్నాడు భూమయ్య.

"అయితే ఒక సెల్లు కొనుక్కో. చచ్చావో బతికావో నిన్నే అడుగుతాం."

అదీ భూమయ్య ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్‌కు వెళ్లడానికి కారణం. రెండువేల మూడులో, వానాకాలం మొదట్లో. ఇటుకంత పాత ఫోను ఒకటి, వెనక మూత ఊడిపోకుండా రబ్బరు బ్యాండు వేసింది, బేరమాడి కొన్నాడు. సిమ్ము ఇచ్చిన దుకాణదారు, "నీకు ఎవరు ఫోన్ చేసినా ఫ్రీ, నీ పైసలు పోవు" అని చెప్పాడు. ఆ తర్వాత ఇంకా ఏదో చెప్పాడు. ఫ్రీ అన్న మాట చెవిలో పడ్డాక భూమయ్యకు మిగతావి ఎక్కలేదు. అతను అప్పటికే కాగితం మీద ఆ పది అంకెలను చూస్తున్నాడు. చదువు లేకపోయినా అంకెలు వచ్చు. చివర రెండు సున్నాలు ఉన్నందుకు సంతోషపడ్డాడు. సున్నా అంటే కుంచె ఒక్క తిప్పు.

నంబరు ఉంటే చాలదు, అది జనానికి తెలియాలి. గోడ మీద రాస్తే ఇంటివాళ్లు ఊరుకోరు. కాగితం ఇస్తే పారేస్తారు. భూమయ్య మూడు రోజులు ఆలోచించి ఒక చోటు కనిపెట్టాడు. ఏ ఇంట్లోనైనా రంగు వేయని చోటు ఒకటి ఉంటుంది, కరెంటు మీటరు డబ్బా మూత లోపలి వైపు. అక్కడ రాస్తే బయటికి కనిపించదు, వాన తడపదు, పడేయడానికి వీలుండదు. బోర్డులు రాసేవాడి దగ్గర తన పేరు మూడక్షరాలు గీయడం నేర్చుకున్నాడు. ఆ తర్వాత పని చేసిన ప్రతి ఇంట్లో, అంతకు ముందు చేసిన ఇళ్లకు కూడా ఒక్కొక్కటిగా వెళ్లి, సన్న కుంచెతో పేరూ దాని కింద నంబరూ రాసి వచ్చాడు. మొత్తం నలభై రెండు ఇళ్లు.

మొదటి ఫోను కాచిగూడ నుంచి వచ్చింది. కొత్తగా కిరాయికి దిగిన ఒకావిడ, ఫ్యూజు పోతే డబ్బా తెరిచి చూసిందట. భూమయ్య ఉతికిన చొక్కా వేసుకుని వెళ్లాడు. ఆవిడ అతని భుజాలు చూడలేదు, పిక్కలు చూడలేదు. "భూమయ్యవా? వంటింట్ల మసి పోతదా?" అని మాత్రం అడిగింది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి కొండమ్మతో ఇదే మాట.

"నన్ను సూడనే లేదే! సూడకుంటనే పని ఇచ్చింది. గదెట్లయితది?"

"నీ మొగం జూస్తే ఇయ్యకపోవు" అంది కొండమ్మ.

నవ్వాడు గానీ, ఆ ముచ్చట మాత్రం అతన్ని వదల్లేదు. మనిషి కనిపించకుండా, మనిషి పని మాత్రమే తీగైనా లేని ఆ ఫోను డబ్బాలోంచి ఎట్లా నడిచిపోతుంది? రాత్రీ పగలూ దాన్ని తిప్పి తిప్పి చూసేవాడు.

మరుసటి ఏడు మార్చిలో వామన్‌రావు ఇంట్లో పడ్డాడు. పాతకాలపు ఇల్లు, ఎత్తైన హాలు. గోడకు రంగు పైనుంచి కిందికి వేసుకుంటూ రావాలి కదా. పై సగం పూర్తయింది. లేత నీలం డబ్బా చేత పట్టుకుని నిచ్చెన దిగుతుంటే, నేల మీద పరిచిన కాగితం నిచ్చెన కాలి కింద జారింది. భూమయ్య ఒక పక్క, డబ్బా ఒక పక్క. తెల్లరాయి నేలంతా నీలం. నొప్పితో కళ్లు మూతలు పడుతుండగా వామన్‌రావు అరిచిన అరుపు ఒక్కటే గుర్తు. ఏమని అరిచాడో తెలియదు. ఆ నేలను చూసి అరవక ఇంకేం చేస్తాడు?

దవాఖానలో కట్టు కట్టి పంపారు. మోకాలి కింద ఎముక విరిగింది. కొండమ్మ అతన్ని ఊరికి తీసుకుపోయింది. కదలకుండా పడుకోమన్నారు గానీ, ఆకాశంలో విమానం పోతున్న చప్పుడు వినిపిస్తే భూమయ్య పడుకుంటాడా? నెల తిరక్కుండానే గోడ పట్టుకుని వాకిట్లోకి వచ్చాడు. ఎముక అతుక్కుంది, కాకపోతే వంకరగా అతుక్కుంది. ఆ తప్పు ఎవరిదీ కాదు, అతనిదే. ఒప్పుకుంటాడు కూడా.

ఫోను సంగతి మాత్రం జాగ్రత్తగా చూసుకున్నాడు. ఊళ్లో సిగ్నలు లేదు. అందుకని ఆపేసి, గుడ్డలో చుట్టి, పెట్టెలో పెట్టాడు. అందులో బ్యాలెన్స్ నిండుగా ఉంది. డబ్బాలో రంగు అయిపోతేనే కొత్త డబ్బా కొంటాం, బ్యాలెన్స్ అయిపోతేనే కొత్త కార్డు వేస్తాం, అంతే కదా అతని లెక్క. మూత బిగించి పెట్టిన రంగు కూడా ఆర్నెల్లకు గడ్డకట్టి పోతుందని పదమూడేళ్ల అనుభవం ఉన్నవాడికి కూడా అప్పుడు తట్టలేదు.

దీపావళి దాటాక పట్నం తిరిగొచ్చారు. కొండమ్మ రెండిళ్లలో అంట్లు తోమడానికి కుదిరింది. భూమయ్య అడ్డాలో కుంచె నిలబెట్టుకుని కూర్చున్నాడు. కూర్చున్నంతసేపు బాగానే ఉండేది. ఎవరైనా దగ్గరికొస్తే లేచి నిలబడాలి, నిలబడితే ఎడమ కాలు బయటపడుతుంది. చూసినవాళ్లు చూపు పక్కకు తిప్పుకుని పక్క కుంచె దగ్గరికి పోయేవాళ్లు. ఇరవై రోజులు కుంచె నిలబడే ఉంది. పాత తోటివాళ్లకు ఇప్పుడు అతన్ని చంపాల్సిన పని లేకుండా పోయింది.

ఇక దిక్కు ఫోనే. ఫోనులో కాలు కనిపించదు. పెట్టెలోంచి తీసి ఛార్జి పెట్టాడు, వెలిగింది, కానీ ఎవరూ చేయరు, తను చేస్తే పోదు. జగదీశ్ మార్కెట్‌కు పట్టుకుపోతే దుకాణదారు చూసి పెదవి విరిచాడు.

"వ్యాలిడిటీ అయిపోయింది పెద్దాయనా. తారీకు లోపల కార్డు వెయ్యాలని అప్పుడే చెప్పిన కదా. నీ నంబరు ఈపాటికి వేరేవాళ్లకు ఇచ్చేసుంటరు."

"పైసలు అట్లనే ఉన్నయి గద అండ్ల?"

"పైసలు ఉంటే ఏంది, తారీకు పోయింది."

భూమయ్యకు బాధ కన్నా ముందు ఆశ్చర్యం వేసింది. నలభై రెండు ఇళ్లల్లో తన చేత్తో రాసిన నంబరు. ఇంకొకరిది ఎట్లా అవుతుంది? ఎవరు వాళ్లు? ఎవరో ఒకరు ఆ నంబరు మోగినప్పుడల్లా ఎత్తి, తన పేరు వింటున్నారా? ఇంటికొచ్చి కొండమ్మకు చెప్పి, పొట్ట ఎట్లా నిండుతుందో అని తల పట్టుకుని కూర్చున్నాడు. మధ్యలో తల ఎత్తి, "ఎవలై ఉంటరంటవ్?" అన్నాడు.

"నన్నడుగుడెందుకు? నీ నంబరు నువ్వే కొట్టి సూడరాదు?" అంది కొండమ్మ.

మర్నాడు పాన్‌డబ్బా దగ్గరున్న రూపాయి ఫోనులో బిళ్ల వేసి, తన నంబరు తనే నొక్కాడు. అవతల మోగింది.

"వందనాలండి, ఎవరు?" ఆడగొంతు.

భూమయ్య టక్కున పెట్టేశాడు. రోడ్డు దాటేలోపు వెనక ఆ ఫోనే మోగింది. పాన్‌డబ్బావాడు ఎత్తి విని, చెయ్యి అడ్డం పెట్టి, "ఓ పెద్దాయనా! గా అమ్మ నిన్నే అడుగుతున్నది, ఎందుకు చేసినవని" అని కేకేశాడు. భూమయ్య వినిపించనట్టు నడిచాడు. వంకర కాలితో ఎంత వేగంగా నడవగలడో అంత వేగంగా నడిచాడు.

నడిచాడు గానీ, ఆ గొంతు చెవిలోనే ఉండిపోయింది. రెండో రోజు ఎట్లాగో ఆపుకున్నాడు. మూడో రోజు మళ్లీ రూపాయి బిళ్ల వేశాడు.

"అమ్మా, గీ నంబరు... గిది ముందుగాల నాది."

 అవతల గొంతు పెద్దదైంది. "నువ్వు భూమయ్యవా?"

"ఔ."

"బతికే ఉన్నవా!"

నాలుగోసారి, అనుకున్నాడు భూమయ్య.

ఆవిడ పేరు సుగుణమణి. ఆబిడ్స్‌లో చాపెల్ రోడ్డు వెనక సందులో ఒక గదిలో ఒక్కతే ఉంటుంది. మెదక్ మనిషే, చర్చికి దగ్గరగా ఉంటుందని ఇక్కడ ఇల్లు తీసుకుంది. పెళ్లికూతుళ్లు తెల్లచీర మీద తల నుంచి వేసుకునే ముసుగులు కుట్టడం ఆవిడ పని. రమ్మని చిరునామా చెప్తే భూమయ్య అడ్డా నుంచే, కుంచె నిలబెట్టిన ఖాళీ డబ్బాతో సహా వెళ్లాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు. గది నిండా తెల్లటి వల గుడ్డ, మంచం మీద, కుర్చీల మీద, తాడు మీద. ఎన్నో తెల్లగోడలు చూశాడు గానీ ఇంత తెలుపు ఎప్పుడూ చూడలేదు. డబ్బాను పక్కన దించి, తన చేతులు ఎక్కడ అంటుకుంటాయో అని వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

"కూసో అన్నా, నిన్ను చూసేదాకా నాకు నిద్ర పట్టేటట్టు లేదు" అంది సుగుణమణి. ఆమె చూపు ఒకసారి కాలి మీద పడి, పైకి వచ్చేసింది. "ఆగస్టుల కొన్న ఈ సిమ్ము. తీసుకున్న రోజే మొదలైంది. భూమయ్యా, మా ఇంటికి ఎప్పుడొస్తవు? భూమయ్యా, వంటిల్లు పెచ్చులూడింది. నేను భూమయ్యను కాదండి అంటే, మరి ఆయన భార్యవా అంటరు! నాకు పెళ్లే కాలె. తల ప్రాణం తోకకొచ్చింది."

"తప్పయింది అమ్మా."

"అడ్డాల అడిగితే నువ్వు చచ్చిపోయినవని చెప్పిన్రని ఒకావిడ చెప్పింది. చచ్చిపోయినోళ్ల కోసం మా చర్చిల ప్రార్థన చెయ్యం. నీ ఇంటోళ్ల కోసం చేసిన, రెండాదివారాలు."

 ముఖం కూడా చూడని మనిషి తన భార్య కోసం దేవుణ్ని అడగటం! భూమయ్య కళ్లు చెమర్చాయి, దాచుకోలేదు.

"గా నంబరు నాకు మళ్ల ఇయ్యరాదు అమ్మా? నలభై రెండు ఇండ్లల్ల రాసిన."

సుగుణమణి మంచం కింద నుంచి ఒక అట్టపెట్టె లాగింది. లోపల ముసుగులు మడిచి పెట్టే పెట్టెలు, ప్రతి మూత మీదా రబ్బరు ముద్ర. అక్షరాలు అతనికి తెలియవు. కింద పది అంకెలు తెలుసు. చివర రెండు సున్నాలు. "క్రిస్మస్ పోంగనే పెళ్లిళ్లు అన్నా. అందరి దగ్గరా ఇదే నంబరున్నది. నువ్వే చెప్పు, నేనేం చెయ్యాలె?"

 ఆవిడ చెప్పింది న్యాయమే. ఇంకెవరైనా అయితే పోట్లాడేవాడేమో. న్యాయమని తెలిశాక పోట్లాడటం రాలేదు. లేవబోయాడు.

"ఎటు పోతవు? అయిపోయిందనుకున్నవా?" సుగుణమణి కుట్టుమిషను సొరుగులోంచి ఒక నోటు పుస్తకం తీసింది. "నిన్ను అడిగినోళ్ల పేర్లు, నంబర్లు అన్నీ రాసి పెట్టిన. చచ్చిపోయినోడి కోసం ఎందుకు రాస్తున్ననో నాకే తెల్వదు. ఇంతమంది వెతికే మనిషి ఎట్లుంటడో అనిపించింది. మొత్తం పదకొండు మంది. నువ్వు కొత్త సిమ్ము తీసుకో, నీకోసం వచ్చిన ఫోన్లన్నీ నీకు చెప్త. ఇప్పుడు వీళ్లకు నేనే చేస్త, నువ్వొచ్చినవని."

భూమయ్య మళ్లీ కూలబడ్డాడు. తనలాంటి జబ్బే ఈవిడకూ ఉందన్నమాట.

"కాలు సంగతి మాత్రం చెప్పకు అమ్మా. ఫోన్ల కాలు కనబడది. గదొక్కటే నాకున్న ధైర్యం."

"సరే" అంది. పుస్తకం తిరగేసింది. "ముందుగాల ఈయనకు చెయ్యాలె. అందరూ ఒకటి రెండుసార్లు చేసి ఊకున్నరు. ఈయన ఏడుసార్లు. గొంతు గట్టిది, కోపంగా ఉంటది. గన్‌ఫౌండ్రీ, వామన్‌రావు."

భూమయ్య సగం లేచాడు. తెల్లరాయి నేల, నీలం, ఆ అరుపు. ఎనిమిది నెలలయినా మరిచిపోలేదన్నమాట, ఏడుసార్లు వెతికాడన్నమాట. "వద్దమ్మా, ఆయనకు మాత్రం వద్దు. నేను లేనని చెప్పు. సచ్చిపోయిండనే చెప్పు."

సుగుణమణి అప్పటికే నొక్కేసింది. "సర్, వందనాలండి. సుగుణమణిని. భూమయ్య దొరికిండు. ఇక్కడే ఉన్నడు."

అవతలి గొంతు ఎంత గట్టిదంటే ఫోను చెవికి పెట్టుకోకపోయినా గదంతా వినిపించింది.

"ఉన్నాడా? కాలు ఎట్లా ఉందమ్మా వాడికి?"

సుగుణమణి భూమయ్య వైపు చూసింది. భూమయ్య నేల వైపు చూశాడు.

"మా ఇంట్లోనే పడ్డాడమ్మా, నేనే అరిచి ఆటో పిలిచి దవాఖానకు పంపాను. తర్వాత ఏ ఊరు పోయాడో తెలియలేదు. ఉన్నది ఈ నంబరొక్కటే, మీటరు డబ్బాలో. రెండు వారాలకోసారి మూత తెరవటం, మీకు చేయటం. ఇయ్యమ్మా, వాడికి ఇయ్యి."

ఆవిడ ఫోను అందించింది. భూమయ్య చేతులు తెల్ల గుడ్డకు తగలకుండా చాచి అందుకున్నాడు.

"ఏమయ్యా, వింటున్నావా? హాలు అట్లాగే ఉంది. సగం స్నానం చేసినట్టుందని మా జానకమ్మ రోజూ సతాయిస్తోంది. ఇంకొకడి చెయ్యి పెట్టనివ్వలేదు నేను. పై సగం నువ్వు చేసేశావు కదా, మిగిలింది కింది సగమే. నిచ్చెన అక్కర్లేదయ్యా. నేల మీద నిలబడి వేసుకోవచ్చు."

 ఎనిమిది నెలలుగా గోడ భూమయ్య కోసం ఆగి ఉంది. ఏ కాలును ఫోనులో దాచుకుందామనుకున్నాడో, ఆ కాలి కోసమే ఆ ఫోను ఏడుసార్లు మోగింది.

"మాట్లాడు అన్నా" అంది సుగుణమణి మెల్లగా.

"ఔ సారూ, రేపు పొద్దుగాల్నే వస్త" అన్నాడు భూమయ్య. ఎవరూ అడగకుండానే చెప్పేశాడు. "కాలు జర వంకరున్నది సారూ. నడుస్తున్న గని, వంకరున్నది."

"ఉండనీయవయ్యా. గోడ వంకర లేకుంటే చాలు" అన్నాడు వామన్‌రావు.

ఫోను తిరిగి ఇచ్చేసి, భూమయ్య పక్కనున్న ఖాళీ డబ్బాలో నిలబెట్టి ఉన్న కుంచెను పడుకోబెట్టాడు.